రికార్డుకెక్కిన పేర్లు

నల్లగుండ్లపల్లిలో సుబ్బలక్ష్మమ్మ నీళ్లు పొయ్యడం మానేసిందంట. హరిజనవాడ ఆడవాళ్లు కడవలు ఎత్తుకుని ఎండిపోయిన వంకలోకి పోయి నీళ్లకోసం ఇసుక తోడుకుంటున్నారంట. ఇదంతా మన ఎమ్మెల్యే సారు హైదరాబాదులో ఏదో మాట్లాడి, అది పేపర్లో పడినందువల్లనేనంట.

ఇన్ని 'అంట'లూ మోసుకొచ్చింది ఎదురింటి కన్యకమ్మ. శనివారం సంతకు వచ్చిన నల్లగుండ్లపల్లి వాళ్లు ఆమె మొగుడి అంగడి అరుగు మీద కూర్చుని బీడీలు కాలుస్తూ చెప్పుకుంటుంటే, తలుపు వెనక బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ విన్నది. విన్నదాన్ని కడుపులో దాచుకుంటే ఆమెకు అరగదు. ఆ సాయంత్రమే ఎమ్మెల్యే సారు భార్య నాగరత్నమ్మ చెవిన వేసింది. నాగరత్నమ్మ మాత్రం రెండు రోజులు దాచింది. మొగుడు హైదరాబాదు నుంచి రైల్లో గుంతకల్లు దాకా వచ్చి, అక్కడి నుంచి జీపులో ఇల్లు చేరి, నీళ్లు పోసుకుని, పీట మీద కూర్చుని, రెండో ముద్ద సంగటి పళ్లెంలో పడ్డాక అప్పుడు చెప్పింది.

"ఉత్త పుకారు" అన్నాడు మల్లికార్జునయ్య.

"నేనేమన్నా పుట్టించినానా? కన్యకమ్మ చెప్పింది, నేను చెప్తాండా."

"పొయ్యడం మానేస్తే మంచిదే కదే. ఒకరు పొయ్యడం, ఒకరు కింద నిలబడి పట్టుకోవడం, ఇది పోవల్లనే కదా నేను సభలో గొంతు చించుకునింది! ఇంక ఆ వాడ మారెక్క తనే చేదుకుంటాది."

"చేదుకుంటాదేమో" అని నాగరత్నమ్మ ఊరిబిండి పచ్చడి ఇంకొంచెం వేసింది. ఆ 'ఏమో' అన్న తీరు ఆయనకు నచ్చలేదు. సంగటి సగం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

ముందు గదిలో, లా పుస్తకాల బీరువా పక్కన, బల్ల మీద అసెంబ్లీ ఆఫీసు వాళ్ల పొడుగు కవరు ఉంది. సభలో సభ్యుడు మాట్లాడినదంతా అక్కడే కూర్చుని రాసుకునేవాళ్లు టైపు కొట్టించి పంపుతారు. మాట ఎక్కడైనా తప్పుగా పడి ఉంటే దిద్ది వారం లోపల వెనక్కి పంపాలి. తప్పులు దిద్దవచ్చు గానీ అన్నమాట మార్చకూడదని పైకాగితంలోనే ఉంది. ఇరవై రెండేళ్లుగా కోర్టు కాగితాలు తిరగేసిన చెయ్యే ఆయనది. అయినా ఈ కవరు విప్పే ముందు పై తువాలుతో బల్ల తుడిచాడు. డెబ్భై ఎనిమిదిలో గెలిచి సభకు పోయాక ఆయన చేసిన మొదటి ప్రసంగం అది.

పౌరహక్కుల పరిరక్షణ చట్టం ఎట్లా అమలవుతున్నదో ఆ పూట చర్చ. ఎర్ర పెన్సిలు చేతిలో పట్టుకుని చదివాడు.

"అధ్యక్షా, అంటరానితనం పాటిస్తే జైలని చట్టం చేసుకున్నాం. సంతోషం. నేను ఎన్నికల్లో తిరుగుతూ నల్లగుండ్లపల్లి బావి దగ్గర జీపు ఆపించాను. మారెక్క అనే ఆమె గట్టు కింద ఖాళీ కడవ పెట్టుకుని పొద్దు పొడిచినప్పటి నుంచి నిలబడి ఉంది. ఆమె గట్టు ఎక్కకూడదు. తాడు ముట్టకూడదు. నేను చూస్తుండగానే సుబ్బలక్ష్మమ్మ అనే రైతు ఇంటామె తన బొక్కెన ఎత్తిపట్టి, కడవకు తగలకుండా జానెడు పైనుంచి నీళ్లు పోసింది. అధ్యక్షా, ఆ జానెడు ఎత్తే మన చట్టానికీ మన జనానికీ మధ్య ఉన్న దూరం. (హర్షధ్వానాలు)"

ఆ చివరి మాటను రెండుసార్లు చదివాడు. ఆ రోజు ఎదుటి పక్షం వాళ్లు కూడా బల్లలు చరిచారు. మంత్రిగారు లేచి వెంటనే చర్య తీసుకుంటామన్నారు. మరునాడు పేపర్లో గడి కట్టి వేశారు, ఇద్దరి పేర్లతో సహా. పేర్లు అవసరమా అని ఒక పాత సభ్యుడు టీ తాగేచోట అడిగాడు. సాక్షి పేరు లేనిది సాక్ష్యం కాదండీ అని లాయరు జవాబే చెప్పాడు మల్లికార్జునయ్య. ఎక్కడో ఏదో జరిగిందట అంటే ఎవరు పట్టించుకుంటారు?

అయినా ఆ 'ఏమో' చెవిలో దోమలాగా తిరుగుతూనే ఉంది. కుళ్ళాయప్పను పిలిచి, పొద్దున్నే జీపు తీయమన్నాడు.

కుళ్ళాయప్ప ఆయనకు డ్రైవరూ, కార్యకర్తా, నల్లగుండ్లపల్లి చుట్టుపక్కల పది ఊళ్లలో ఎవరి చేను ఎవరిదో తెలిసిన మనిషీ. దారిలో రెండు పక్కలా ఎర్రనేలలు పొడిదుక్కి దున్ని వదిలేసి ఉన్నాయి. వాన చినుకు పడి నెలలయింది. సుడిగాలి లేచి జీపు ముందు నుంచే దాటుకుని పోయింది.

"వానొస్తే ఈ పక్కంతా జనం వజ్రాలకు వంగుకోని తిరుగుతారు సార్" అన్నాడు కుళ్ళాయప్ప. "ఈ ఏడు వజ్రం దొరికేది సులువు, నీళ్లు దొరికేదే కష్టం."

ఊరి బావి దగ్గర ఐదారుగురు ఆడవాళ్లు ఉన్నారు. పన్నెండు మట్ల లోతుకు దిగిపోయాయి నీళ్లు, అంటే పన్నెండు నిలువులు. గిలక కీచుమంటూ తిరుగుతున్నది. గట్టు కింద ఒక్క కడవా లేదు. నల్లరాతి మీద తెల్లసున్నంతో, ఇంకా కొత్తగా, 'ఈ బావి అందరిదీ' అని రాసి ఉంది.

"వాడ వాళ్లు రాలేదేమమ్మా?" అని అడిగాడు.

"ఎవురు రావద్దన్నారు సార్?" అంది ఒకామె, కొంగు తల మీదికి లాక్కుని. "పోలీసోళ్లు రాసిపోయినారు సూడు. బాయి అందరిదే."

అంటూనే చేదిన బొక్కెన బిందెలోకి వంచి, తాడు మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టలు చుట్టుకుంటూ గిలక మీంచి లాగేసి, భుజాన వేసుకుంది. తక్కిన వాళ్లూ అంతే. చూస్తుండగానే గిలక మీద తాడు లేదు, గట్టు మీద బొక్కెన లేదు. ఆ ఊళ్లో బావి ఊరిదే గానీ తాడు ఎవరిది వాళ్లదే. ఎండాకాలం వచ్చే ముందు ప్రతి ఇంట్లోనూ కిత్తనార నానబెట్టి, దంచి, ఇంటి మగవాళ్లు పేనిపెడతారు. ఆ తాడు పక్కింటికి కూడా ఎరువివ్వరు. మల్లికార్జునయ్య ఖాళీ గిలక కేసి చూశాడు. చట్టంలో బావి ఉంది, గట్టు ఉంది, నడిచే దారి కూడా ఉంది. తాడు ఎక్కడా ఉన్నట్టు గుర్తు రాలేదు.

సుబ్బలక్ష్మమ్మ ఇంటి పంచలో విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నది. తడిపిన కాయను బొటనవేలితో ముక్కు మీద నొక్కితే టప్పుమని రెండుగా విడిపోతున్నది. పప్పు చేటలోకి, పొట్టు పక్కకు. చెయ్యి ఆగలేదు. యాభై దాటిన మనిషి. మొగుడు పోయి, మరిది ఇంట్లో ఉంటున్నది.

"రా సార్. ఆ మంచం మీద కూర్చో" అంది, లేవకుండానే.

ఆయన కూర్చున్నాడు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక "బాగుండావా అమ్మా?" అన్నాడు.

"బాగుండా. పోయిన వారం ఎస్సై వచ్చి బాయి గట్టు మీద నన్ను నిలబెట్టినాడు, ఊరంతా సూస్తాండగా. యాడ నిలబడి పోస్తివి, ఎంత ఎత్తు నుంచి పోస్తివి, చెయ్యెత్తి సూపించమన్నాడు. సూపించినా. కాగితం మీద వేలిముద్ర ఏపిచ్చుకున్నాడు. అంత సేపూ మా మరిది తల పైకెత్తలా. ఆపొద్దు నుంచి నాతో మాట్లాడేదీ ల్యా."

"అట్ల చెయ్యమని నేను చెప్పలేదమ్మా. చట్టం అమలు చేయమన్నా, అంతే."

"నువ్వు అబద్ధం చెప్పినావని నేనన్లా. పోసింది నిజం. ఎత్తి పోసిందీ నిజం." టప్పుమని ఇంకో కాయ విరిచింది. "ఈ ఊళ్లో ఎన్ని ఇండ్లు ఉండాయి సార్?"

"నూటిరవై ఉంటాయేమో."

"నూటిరవై ఇండ్లల్లో పోసేదాన్ని నేనొకదాన్నే. నాకు ముందు మా అత్త పోస్తాండె. తక్కినోళ్లు ఆ కడవలు సూసి మొగం తిప్పుకోని పోతారు. నాకూ చేతులు నొస్తాయి, పన్నెండు మట్లు. నా బింద నింపుకోని, మళ్ల వాళ్లకు ఆరు కడవలు చేదల్ల. అయినా పోస్తాంటి. పోసేదాని పేరు రాసుకుంటివి. పొయ్యనోళ్ల పేర్లు రాసుకున్నావా?"

కుళ్ళాయప్ప కల్పించుకున్నాడు. "అట్ల గాదమ్మా, సారు నీ మీద కోపంతో..."

"నువ్వుండప్పా. ఆయప్ప లాయరు, ఆయప్ప చెప్పనీ."

మల్లికార్జునయ్య పొట్టు మీద వాలిన ఈగలను తువాలుతో తోలాడు. "మారెక్కే చేదుకుంటే నువ్వు పోసే పనే ఉండదు కదమ్మా" అన్నాడు.

"చేదుకోనీ. నేనేమన్నా అడ్డమా? నా తాడు మాత్రం అడగాకు. ఇస్తే మా మరిది ఆ తాడుతోనే నన్ను బాయిలోకి దించుతాడు."

వంక ఊరికి మైలున్నర. ఇసుకలో చెయ్యి చంక దాకా దిగేంత లోతు గుంత తవ్వి, మారెక్క దాని అంచున బోర్లా పడుకుని ఉంది. కొబ్బరి చిప్పతో అడుగున ఊరిన నీళ్లు తోడి, పైన ఉన్న కడవ మూతికి కట్టిన గుడ్డ మీద పోస్తున్నది. రెండు చిప్పలు తోడితే మళ్లీ ఊరేదాకా కనిపెట్టుకోవాలి. చుట్టూ నలుగురు ఆడవాళ్లు తమ వంతు కోసం ఇసుకలో కూర్చున్నారు.

అడుగుల చప్పుడు విని తలెత్తింది. మొహం నిండా ఇసుక.

"ఓ సామి వచ్చినాడు, లెయ్యండే" అని తను లేవలేదు. చిప్ప గుంతలోనే ఉంది మరి. "నా పేరు హైదరాబాదు దాకా పాయెనంట కదా సామీ! నేను గుంతకల్లు గూడా సూడలా."

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"పేరుకన్నా రైలు టిక్కెట్టు లేకపాయె" అంది ఇంకొకామె. మళ్లీ నవ్వులు.

మల్లికార్జునయ్య కూడా నవ్వబోయాడు గానీ రాలేదు. "ఎంత సేపు పడుతుంది మారెక్కా, కడవ నిండడానికి?"

"యాడ నిండుతుంది? అర్ధకడవకే పొద్దు నడినెత్తికొస్తాది. కూలికి పోయేది ఎప్పుడు? మునుపు బాయికాడ నిలబడుకుంటే కాళ్లు నొస్తాండె. ఇప్పుడు పండుకోని తోడుతాండాము. సుఖమే."

"రేపు నేను తహసీల్దారును తీసుకొస్తా. నువ్వు గట్టెక్కి నీ చేత్తో చేదుకుంటావు. ఎవురు అడ్డమొస్తారో నేను చూస్తా."

ఆమె చిప్ప పైకి తీసి, పోసి, గుడ్డ మీది ఇసుక దులిపింది. "తాడు?"

"నేనే తెస్తా. బొక్కెన గూడా."

ఆమె ఆయన్ని తేరిపార చూసింది. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. సంతలో ఎనుము పళ్లు చూసేవాళ్ల చూపు అది. "తెస్తే చేద్దాం" అంది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ మల్లికార్జునయ్య మళ్లీ పొడుగు కవరు విప్పాడు. సుబ్బలక్ష్మమ్మ పేరు ఉన్న చోట ఎర్ర పెన్సిలు ఆనించాడు. కొట్టేస్తే ఏమవుతుంది? అన్నమాట మార్చకూడదనే నియమం ఒకటి ఉంది. కానీ ఒక్క పేరు పోతే ఆఫీసులో ఏ గుమాస్తా పట్టించుకుంటాడు? నియమం కాదు ఆయన్ని ఆపింది. పేరు మీద సన్నగా గీత గీసి, పైకి చదివి చూసుకున్నాడు. "ఒక రైతు ఇంటామె తన బొక్కెన ఎత్తిపట్టి..." చప్పగా ఉంది. ఎవరో, ఎక్కడో అన్నట్టుంది. ఈ మాటకు ఎవరూ బల్ల చరవరు. రబ్బరుతో గీతను తుడిచేశాడు. ఎర్ర మరక కొంచెం మిగిలింది. 'గట్టు' అనే మాట ఒకచోట 'గుట్ట' అని పడి ఉంటే అది మాత్రం దిద్ది, సంతకం పెట్టి, పొద్దున్నే పోస్టు చేయమని కుళ్ళాయప్పకు ఇచ్చాడు. రేపు బావి దగ్గర అంతా సవ్యంగా జరిగితే ఆ పేరు ఉన్నా ఎవరికీ బాధ ఉండదులే అనుకున్నాడు.

మరునాడు సవ్యంగానే జరిగింది. అంత సవ్యంగా జరుగుతుందని ఆయనే అనుకోలేదు.

తహసీల్దారు వచ్చాడు. ఎస్సై వచ్చాడు. సర్పంచి పుల్లన్న ఇస్త్రీ పంచె కట్టుకుని ఎదురొచ్చి, "రండి సార్, రండి. మేమేమన్నా వద్దంటిమా? బాయి అందరిదే" అని వేపచెట్టు కింద కుర్చీలు వేయించాడు. ఊరు ఊరంతా వచ్చి నిలబడింది. సుబ్బలక్ష్మమ్మ ఒక్కతే రాలేదు. మల్లికార్జునయ్య కొబ్బరినార తాడు చుట్టా, తళతళలాడే కొత్త బొక్కెనా జీపులోంచి తానే దించాడు.

మారెక్క తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. గట్టుకు నాలుగు మెట్లు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. పైకెక్కింది. తాడు గిలక మీదికి వేసే ముందు బావి అంచు పట్టుకుని లోపలికి వంగింది. అట్లాగే ఉండిపోయింది. ఎస్సై దగ్గాడు. తహసీల్దారు గడియారం చూసుకున్నాడు. ఆమె కదలలేదు. పుట్టిన నాటి నుంచి ఆ బావి నీళ్లే తాగింది గానీ, ఆ నీళ్లను పైనుంచి చూడడం అదే మొదలు.

తర్వాత బొక్కెన వదిలింది. తాడు జరజరా దిగి, ఎక్కడో అడుగున చప్పుడయింది. చేదడం ఆమెకు అలవాటు లేని పని. ఒక చెయ్యి లాగితే రెండో చెయ్యి ఆలస్యంగా అందుకుంటున్నది. "కాలు దన్ను పెట్టుకో" అని గుంపులోంచి ఏదో ఆడగొంతు అలవాటుగా అనేసి, అంతలోనే ఆగిపోయింది. బొక్కెన పైకొచ్చింది. సగం తొణికిపోయిన నీళ్లను మారెక్క తన కడవలో తనే పోసుకుంది. తహసీల్దారు చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడు కాబట్టి పుల్లన్న కొట్టాడు. పుల్లన్న కొట్టాడు కాబట్టి ఇంకో నలుగురు కొట్టారు. మల్లికార్జునయ్యకు కళ్లు చెమర్చాయి. సభలో చెప్పిన మాటకు ఇక్కడ ముగింపు దొరికిందనిపించింది. పుల్లన్న పంపించిన మజ్జిగ తాగి, తాడూ బొక్కెనా వాడకే వదిలేసి, ఇంటికి వచ్చాడు. ఆ రాత్రి సంగటి రెండు ముద్దలూ తిన్నాడు. కన్యకమ్మకు చెప్పమని నాగరత్నమ్మతో చెప్పాడు కూడా.

నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు మధ్యాహ్నం మల్లికార్జునయ్య వరండాలో కూర్చుని వచ్చే సమావేశాలకు పాయింట్లు రాసుకుంటున్నాడు. తాగునీళ్ల హక్కు మీద ఒక తీర్మానం పెట్టాలని ఉంది. గేటు చప్పుడయితే తలెత్తాడు. మారెక్క. భుజాన తాడు చుట్ట. ఎనిమిది మైళ్లు నడిచి వచ్చినట్టు కాళ్లకు మోకాళ్ల దాకా ఎర్రదుమ్ము.

వరండా మెట్ల కిందే ఆగి, తాడు నేల మీద దించింది.

"ఇదేమిటికి తెచ్చినావు మారెక్కా?"

"నీదే కదా సామీ. ఇచ్చిపోదామని వస్తి." తాడు కొన చేత్తో ఎత్తి చూపించింది. మూడు చోట్ల నార తెగి, ఎలుకలు కొరికినట్టు చీకిపోయింది. "మీరు జీపెక్కి పోయిన మర్నాడు పుల్లన్న గిలక ఊడబీకిచ్చినాడు. ఏమప్పా అంటే, గిలక మా నాయన పెట్టిచ్చినాడు, అరిగిపాయె, గుంతకల్లుకు రిపేరికి పంపినా అంటాడు. ఊరోళ్లు ఆ పొద్దు నుంచి తోట బాయిలకు పోతాండారు. ఆ బాయిలు వాళ్లవి, మేం పోయేకి ల్యా. మేము రెండు దినాలు గిలక లేకనే బండ మీద ఈడ్చి చేదితిమి. సూడు, తాడు కత. ఇంగో దినం ఈడిస్తే తాడూ బొక్కెనా రెండూ బాయిలోనే."

"నేను గిలక తెస్తా."

"తాడు తెస్తివి, గిలక పాయ. గిలక తెస్తే గిలక దూలం పోతాది. దూలం తెస్తే, బాయి మా తాత తవ్విచ్చినాడు, పూడిపిస్తా అంటాడు పుల్లన్న." ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. "దానికి గాదు సామీ నేను వచ్చింది. ఒక కాగితం రాసీ."

"ఏం కాగితం?"

"సుబ్బలక్ష్మమ్మ జోలికి పోవద్దని పోలీసోళ్లకు రాసీ. ఆయమ్మ మీద కేసేమీ లేదని. నువ్వే ఒకతూరి వచ్చి ఆయమ్మ మరిదికి నాలుగు మాటలు చెప్పు. ఆయప్ప మనసు దిగితే ఆయమ్మ మళ్లీ పోస్తాది. యాడ బాయి ఉంటే ఆడికే వస్తాం, గట్టు కిందనే నిలబడుకుంటాం. ఎండలు ఇంగా రెండు నెలలు ఉండాయి."

మల్లికార్జునయ్య కలం బల్ల మీద పెట్టి లేచాడు.

"మళ్లీ పైనుంచి పోయించుకుంటావా మారెక్కా? నువ్వు గట్టెక్కినావు. ఊరంతా చూసింది. నేను కండ్లారా చూసినా."

"ఎక్కినా సామీ. బాగుండె. లోపలికి సూస్తే నీళ్లల్లో ఆకాశం కనపడె. నేనూ కనపడితి." ఆమె తాడు కొన చుట్ట మీద పడేసింది. "కడవ నిండల్ల గదా."

లోపలి నుంచి నాగరత్నమ్మ వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. ఆయన వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. కాగితం రాయవచ్చు, రెండు నిమిషాల పని. రాస్తే సభలో తను అన్నదాని మీద తనే సున్నం కొట్టినట్టు. రాయకపోతే వంకలో చిప్ప. కోర్టులో ఏ కేసులోనూ ఇట్లా రెండు వైపులా తనే ఓడిపోవడం ఆయన ఎరగడు.

"కాగితం రాస్తా" అన్నాడు చివరికి. "అది రాస్తా. కానీ ఇంతటితో వదిలిపెట్టను. వచ్చే నెల సభ ఉండాది. గిలక సంగతి, పోలీసులు చేసిన సంగతి, తోట బాయిల సంగతి, అన్నీ చెప్తా. నువ్వు ఏం చెప్పమంటావో చెప్పు మారెక్కా. నీ మాట నీ మాటగానే చెప్తా. ఒక్క అక్షరం పొల్లుపోనీను."

ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

"చెప్తా సామీ. ముందు గొంతులోకి రవ్వన్ని నీళ్లిప్పియ్యి. యాడా తాగలా, తెల్లారినప్పటి నుంచి."

నాగరత్నమ్మ లోపలికి పోయి చెంబు నింపుకొచ్చింది. ఆమె మెట్ల వైపు నడవబోతుంటే మల్లికార్జునయ్య చెయ్యి చాపాడు. "ఇట్లియ్యి. నేనిస్తా." ఇంటికి వచ్చిన వకీళ్లకూ ఆఫీసర్లకూ కూడా ఆయన ఎప్పుడూ తన చేత్తో నీళ్లు ఇచ్చి ఎరగడు. నాగరత్నమ్మ ఆశ్చర్యంగా చూసి చెంబు అందించింది. మారెక్కకు ఈ మర్యాద చెయ్యాలని ఆయనకు గట్టిగా అనిపించింది. మెట్ల అంచు దాకా వచ్చాడు.

కింద మారెక్క కొంగు నడుముకు దోపుకుని వంగి, దోసిలి నోటికి ఆనించింది. ఆయన పైనుంచి పోశాడు. ఒక్క చుక్క పక్కకు పోకుండా, తొందర పెట్టకుండా, సన్నని ధారగా పోశాడు. ఆమె గొంతు గుటగుటమంటూ కదిలింది. ఒక చెంబు అయిపోయింది. "ఇంకా?" అన్నాడు. ఆమె తల ఊపింది. నాగరత్నమ్మ రెండో చెంబు తెచ్చింది. అదీ పోశాడు. ఆఖరి గుక్క నీళ్లు ఆమె మొహం మీద చల్లుకుని, కొంగుతో తుడుచుకుని, నడుము నిటారు చేసుకుంది. ఆయనకు ప్రాణం కొంచెం తెరిపిన పడింది.

"ఊ, ఇప్పుడు చెప్పు" అన్నాడు. "సభలో ఏం చెప్పమంటావు?"

మారెక్క ఆయన చేతిలోని చెంబును చూసింది. తను నిలబడిన చోటునూ, ఆయన నిలబడిన చోటునూ చూసింది. కోపం లేదు ఆమె మొహంలో.

"ఈతూరి నా పేరు చెప్పాకు సామీ. నీ పేరు చెప్పు."